రైట్‌రైట్ బావ నీలం పళ్ళు

ఏమిటే అది, కుండీలో ఆ పుల్ల? ఏమిటీ... బ్లూబెర్రీయా? డబ్బులిచ్చి మరీ కొన్నావా? ఇంకే మొక్కా దొరకలేదా తల్లీ నీకు? గులాబీ ఉంది, టమాటా ఉంది, ఏదో ఒకటి పూసి కాసి మన మానాన మనల్ని బతకనిస్తాయి. ఇలా తే, చూడనీ. ఊఁ, ఇదే ఆకు. చిన్నగా, గట్టిగా, ఎవరితోనూ మాట్లాడనన్నట్టు ఉండేది. నవ్వుతున్నానా? నవ్వక ఏం చెయ్యను, దీన్ని చూడగానే మా బావ కళ్ళ ముందుకొచ్చి నిలబడ్డాడు. మా అక్క మొగుడే, నీకు పెద్దతాతయ్య అవుతాడు. నువ్వు పుట్టేసరికే పోయాడు. ఫోటోలో చూసుంటావులే, మీసాలూ, పొట్టా, మెళ్ళో విజిలూ. ఫోటో తీయించుకునేటప్పుడైనా ఆ విజిల్ తియ్యలేదు మహానుభావుడు.

బస్సు డిపోలో కంట్రోలరు ఆయన. అంటే ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పే ఉద్యోగం. గడియారం చూసి, విజిల్ ఊది 'రైట్ రైట్' అన్నాడంటే కదలాల్సిందే. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టు, ఎక్కనివాళ్ళు వెనకాల పరిగెత్తినట్టు. ఒకసారి కండక్టరు ఇంకా టీ తాగుతుండగానే బస్సు పంపించేశాడట. ఆ కుర్రాడు గ్లాసు పట్టుకుని 'సార్, నేనిక్కడే ఉన్నాను సార్' అన్నాడట. దానికి మా బావ, 'నువ్వు ఉంటే ఉన్నావు, బస్సు మాత్రం టైముకి వెళ్ళింది' అన్నాడట. అందుకే ఊరంతా ఆయన్ని రైట్‌రైట్ అనేది. ఇంట్లోనూ అదే వరస. అన్నం ఉడుకుతుంటే పొయ్యి దగ్గరకొచ్చి 'ఇంకా ఎంతసేపు', స్నానాల గది తలుపు దగ్గర నిలబడి 'ఇంకా ఎంతసేపు'. మా అక్కకి పురిటి నొప్పులొస్తుంటే ఆసుపత్రి వరండాలో నర్సుని పట్టుకుని అదే మాట అడిగాడు. ఆ నర్సమ్మ 'మీరు కంటారా, ఆవిణ్ణి కననిస్తారా' అనేసింది. ఆ మాటకి వరండాలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాననుకో. మరదల్ని, ఆ మాత్రం హక్కు లేదా?

ఎక్కడున్నాను? ఆఁ, మా అక్క. మా అక్క మాట తక్కువ మనిషి. నోట్లోంచి వచ్చిందంటే నిజమే వస్తుంది, ఇంకోటి రాదు. ఎదుటివాళ్ళ మనసు కోసం పంచదార కలిపి చెప్పడం దానికి చేతకాదు. కొత్త చొక్కా వేసుకుని 'ఎలా ఉందోయ్' అని బావ అడిగితే, 'పొట్ట దగ్గర బిగుతుగా ఉంది' అనేది. బిగుతుగానే ఉండేది మరి! ఆయనకి అదొక్కటే బాధ. డిపోలో అంతమంది సెల్యూట్ కొడుతున్నారు, పెద్ద సారు భుజం తట్టాడు, ఇంటికొస్తే ఈ మనిషి నోటి నుంచి ఒక్క 'బాగుంది' రాదు. నాతోనే అనేవాడు, 'మరదలా, మీ అక్క ఒక్కసారి బాగుంది అంటే చాలు, నేను రిటైరైపోతాను' అని. 'నువ్వు ఆవిణ్ణి మింగనిస్తే కదా బావా, ముద్ద నోట్లో ఉండగానే అడుగుతావు' అనేదాన్ని నేను. వింటేగా!

అనకుండానే రిటైరయ్యాడులే. అయ్యాక కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. వీధిలో పోయే బస్సుల్ని గేటు దగ్గర నిలబడి తిట్టాడు. అదిగో, అప్పుడు తగిలింది ఈ మొక్క. ఎక్కడో ఎవరింట్లోనో చూశాడు. మా అక్క అక్కడ ఒక పండు నోట్లో వేసుకుని, 'ఇదేదో...' అని ఆగిందట. అంతే! ఆ 'ఇదేదో' తర్వాత 'బాగుంది' ఉందని ఆయన పట్టుకున్నాడు. 'ఆ మాట సగం వచ్చింది మరదలా, మిగతా సగం నేను రప్పిస్తాను' అని మర్నాడే నర్సరీకి వెళ్ళాడు.

ఆ నర్సరీ ఆయన నిదానస్తుడు. ఒక్కో మాటా తూకం వేసి ఇస్తాడు. 'ఒక్క మొక్కయితే సరిగ్గా కాయదండీ, జత ఉండాలి' అన్నాడు. సరే, జత. 'మట్టి పుల్లగా ఉండాలండీ' అన్నాడు. సరే, పులుపు. 'మొదటేడు పూత తుంచెయ్యాలండీ, అప్పుడే వేరు ఊనుకుంటుంది' అన్నాడు. అక్కడొచ్చింది తంటా. 'ఏడాదా! ఏడాది ఊరికే నించోబెట్టడానికి ఇది మొక్కా, పాడైపోయిన బస్సా?' అని పోట్లాడి వచ్చాడు. మరి తుంచాడా అంటావా? మా అక్క తుంచింది. తెల్లగా, బుజ్జి గంటల్లా ఉండేవి ఆ పూలు. ఈయన నిద్ర లేచేలోగా అన్నీ తుంచేసి, 'గాలికి రాలాయండీ' అంది. అదొక్కటే అది ఆయనతో ఆడిన అబద్ధం అనుకుంటా.

మట్టి పులుపు సంగతి విను. ఇంట్లో వడకట్టిన టీ పొడీ, కాఫీ పొడీ మొక్కలకే. చాలక వీధిలో అందరి ఇళ్ళకీ డబ్బా పట్టుకుని వెళ్ళి 'మీ కాఫీ పిప్పి పారెయ్యకండి' అని అడిగేవాడు. పాత కంట్రోలరు సారు కాఫీ పిప్పి అడుక్కుంటున్నాడని జనం చెవులు కొరుక్కున్నారు. ఆయనకి పట్టేది కాదు. కానీ పక్కింటి మాస్టారు ఒక మాటన్నాడు చూడు, అది పట్టింది. 'పుల్లటి మట్టిలో పెడితే తియ్యటి పళ్ళెలా కాస్తాయి కంట్రోలరుగారూ?' అన్నాడు గోడ మీంచి. పాపం ఆయనకీ ఏం తెలియదు, ఊరికే అన్నాడు. ఆ పూట నుంచి మా బావకి నిద్ర లేదు.

రెండో ఏడు పిందెలు పడ్డాయి. ముందు ఆకుపచ్చ, తర్వాత కాస్త ఎరుపు, తర్వాత నీలం. పిట్టలొస్తాయని హాల్లో కర్టెన్లు పీకి వాటికి కప్పాడు. ఇంట్లోకి వీధంతా కనిపించేది, మొక్కలు మాత్రం పరదాలో ఉండేవి. మొదటి పండు పొద్దున్న నీలం తిరిగింది. తిరగడమే ఆలస్యం, కోశాడు. ఆయన లెక్కలో రంగు మారిందంటే సిగ్నల్ పడ్డట్టే, రైట్ రైట్! కడిగి, చిన్న గిన్నెలో పెట్టి, మా అక్క ముందు నిలబడ్డాడు. నేనూ ఉన్నాను ఆ రోజు. అక్క నోట్లో వేసుకుంది. 'ఎలా ఉంది?' కళ్ళు మూసుకుంది. 'ఎలా ఉందోయ్?' కళ్ళు తెరిచింది. 'పుల్లగా ఉంది.'

ఆయన ముఖం చూడాల్సింది. ఏడేళ్ళ పిల్లాడి చేతిలోంచి బెలూన్ ఎగిరిపోయినట్టు అయిపోయింది. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. మాస్టారి మాటే నిజమన్నాడు. మట్టిలో పులుపు పండులోకి ఎక్కుతోందట! దాంతో పంచదార నీళ్ళు మొదలుపెట్టాడు. మర్నాటికి ఊళ్ళో చీమలన్నీ మా వాళ్ళ పెరట్లో దిగాయి. అక్కణ్ణించి వంటింట్లోకి, మంచం మీదికి, విజిల్లోకి కూడా. ఒకరోజు ఊదబోతే చీమ నోట్లోకొచ్చి నాలుక కుట్టింది. రెండ్రోజులు మాట్లాడలేదు. 'చీమలకి దణ్ణం పెట్టాలే' అంది మా అక్క.

అలా ఏటేటా అదే తంతు. నీలం తిరగడం, ఈయన కొయ్యడం, ఆవిడ తినడం, 'పుల్లగా ఉంది' అనడం. అసలు సంగతేమిటో నీకు నర్సరీలో చెప్పారా? చెప్పరు. నీలం తిరగ్గానే అది పండినట్టు కాదే పిచ్చిదానా. రంగొచ్చాక కూడా దాని మానాన దాన్ని ఇంకో వారం కొమ్మకి వదిలెయ్యాలి. అప్పుడు దిగుతుంది తీపి. చేత్తో ఇలా తాకితే చాలు, తనే వచ్చి అరచేతిలో పడుతుంది. లాగితే వచ్చిందంటే ఇంకా కాలేదన్నమాట. వారం ఆగడం! బస్సు డిపో కంట్రోలరు! నీకెలా తెలుసంటావా? చెప్తున్నాగా, ఆగు, నువ్వూ ఆయన మనవరాలివే.

ఒకసారి వెళ్ళేసరికి మా అక్క పెరట్లో కుళాయి దగ్గర చిన్న పీట వేసుకుని బట్టలుతుకుతోంది. ఆ రెండు మొక్కల్లో వెనకది ఆ కుళాయి పక్కనే. నేనేదో హాస్యమాడాను, అది పక్కున నవ్వింది. నవ్వితే చూద్దును కదా, పళ్ళన్నీ నీలం! నాలుక కూడా! 'ఏమిటే అక్కా, నీ పళ్ళు' అన్నాను కంగారుగా. 'ఏ పళ్ళు? నేనేం కొయ్యలేదు' అంది గభాల్న. నేను నోట్లో పళ్ళ గురించి అడిగితే అది చెట్టు పళ్ళ గురించి చెప్పింది! దొరికిపోయింది. బావకి పొట్ట కదా, వంగలేడు. నిలబడి అందినంత మేర కోసుకుపోయేవాడు. కింద కొమ్మలకి ఉన్నవి ఆయనకి కనపడవు. పీట మీద కూర్చుంటే దీని కళ్ళెదురుగా ఉంటాయి. నాకూ రెండు పెట్టింది. అబ్బ, ఏం చెప్పనే! పైన సన్నగా పొడి అద్దినట్టుండి, లోపల తేనె. 'ఇంత తియ్యగా ఉంటే ఆ మనిషికి చెప్పవేమే, ఏడుస్తున్నాడు కదా' అన్నాను. అది సబ్బు చేతులు కడుక్కుని, నెమ్మదిగా అంది, 'చెప్తే ఇవీ కోసేస్తారే. ఈ ఇంట్లో ఆయన తొందర పడనిది ఇదొక్కటే ఉంది నాకు.' నేను ఇంకో రెండు తిన్నాను.

తర్వాత ఒక ఎండాకాలం బావ మంచం పట్టాడు. కాళ్ళు రెండూ చచ్చుపడ్డాయి. కాయ మొదలయ్యే రోజులే. కోసేవాళ్ళు లేరు, కర్టెన్లు కప్పేవాళ్ళు లేరు. రెండు మొక్కలూ నిండా కాసి, నిండా నీలం తిరిగి, నిండా పండాయి. పిట్టలు తిన్నన్ని తిన్నా ఇంకా ఉన్నాయి. ఒకరోజు మా అక్క గిన్నె నిండా తెచ్చి, మంచం మీద కూర్చుని, ఆయన నోట్లో ఒకటి పెట్టింది. బావ నమిలాడు. చాలాసేపు నమిలాడు. జన్మలో మొదటిసారి ఆ మనిషి నింపాదిగా ఏదైనా తినడం నేను చూశాను. ఇంకోటి అడిగాడు. ఇంకోటి. 'బాగున్నాయోయ్, ఏ షాపులోవి?' అన్నాడు.

'షాపువి కాదండీ, మనవే. మీరు పెంచినవే' అంది అక్క. 'చాల్లే' అన్నాడు. 'నిజమండీ, చాలా బాగున్నాయి, ఇంత బాగుంటాయి మీ పళ్ళు' అంది. ఆ మాట అంది! ఆయన ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట, నా చెవులారా విన్నాను. బావ దాని వైపు జాలిగా చూశాడే. 'పోయేవాణ్ణని అబద్ధం చెప్తున్నావు కదూ? నువ్వు అబద్ధం చెప్పావంటే ఇంక నా పని అయిపోయినట్టే' అన్నాడు. అక్క పరిగెత్తుకెళ్ళి కొమ్మ విరుచుకొచ్చింది, పళ్ళతో సహా. ఆకు చూపించింది. 'షాపు పళ్ళు కొమ్మకి బాగానే గుచ్చావు' అన్నాడాయన. నేనూ చెప్పాను, ఒట్టేశాను. 'మరదలా, నువ్వు ఎప్పుడూ మీ అక్క వైపే' అని నవ్వాడు. అటు తిరిగి పడుకున్నాడు. నాలుగు రోజులకి పోయాడు. షాపువే అనుకుంటూ పోయాడు.

మా అక్క ఏడవలేదు అప్పుడు. అందరూ వెళ్ళాక నా పక్కన కూర్చుని, 'ఇన్నేళ్ళూ పుల్లగా ఉందంటే నమ్మారు, ఒక్కసారి తియ్యగా ఉందంటే నమ్మలేదేమే' అంది.

సరేలే. నువ్వు వంటింట్లో చూడు, పాలు పొంగుతున్నట్టున్నాయి.