పేరు రాయని గడి

(టోంగా దీవుల్లో ఒక ఆస్పత్రి. రికార్డుల గదిలో గుమాస్తా సెయినీ, నర్సు ఆలిసి. పగలు పన్నెండున్నర.)

"...అది కాదక్కా, నువ్వు పక్కన పెట్టిన జాబితా తియ్యి. పేర్లు లేని పిల్లలది."

"ముందు నువ్వా ఫోను పక్కన పెట్టు ఆలిసీ. పెళ్ళై నెల కాలేదు, ఆస్పత్రంతా నీ మొగుడి కబుర్లే."

"పొద్దున ఫెలేటీ సీమపనస కాల్చి డబ్బాలో పెట్టాడక్కా. అడుగున చీటీ! 'రెండింటికి పడవ కదులుతుంది, రేవు వైపు ఒక్కసారి చూడు' అని. సరే, సరే, నవ్వు ఆపేశా. జాబితా."

"అందులో ఏముందిప్పుడు? పేర్లొచ్చాక సిస్టంలో ఆ గడి నింపుదామని ఉంచా."

"ఒక పాపకి రక్తపరీక్షలో తేడా వచ్చింది. పుట్టగానే మడమలో గుచ్చి తీస్తామే, అది. థైరాయిడ్ పని చెయ్యట్లేదు. న్యూజిలాండ్ నుంచి ఫలితం వచ్చి ఆరు రోజులైందట. నాకు ఇప్పుడు తెలిసింది."

"అదేంటి? కొత్త సిస్టం దానంతటదే చెబుతుందన్నారుగా. వార్డుకీ, మందుల గదికీ, దీవుల్లో క్లినిక్కులకీ, అందరికీ ఒకేసారి."

"పేరున్న పిల్లలకే చెబుతుంది. పేరు గడి ఖాళీగా ఉంటే ఫలితం వచ్చి అక్కడే కూర్చుంటుంది. కాగితాలప్పుడే నయం, గోడకి గుచ్చితే ఎవరో ఒకరి కంట పడేది."

"ఎవరి పాప?"

"తల్లి పేరు మెలెనైతే. అంతే ఉంది. ఊరు రాయలేదు. ఫోను పలకట్లేదు. పంతొమ్మిది రోజుల పిల్ల. అక్కా, వింటున్నావా?"

"వింటున్నా. మెలెనైతేలు బోలెడుమంది."

"అదేగా నా ఏడుపు."

"ఆ పరీక్షలు ఒక్కోసారి తప్పు కూడా వస్తాయి కదా?"

"అదే రక్తాన్ని రెండోసారి కూడా చూశారు. చిన్న మాత్రక్కా, నలిపి పాలచుక్కలో కలిపి రోజూ పట్టిస్తే చాలు, అందరి పిల్లల్లాగే పెరుగుతుంది. కానీ రెండు వారాల్లోపే మొదలుపెట్టాలి. ఇప్పటికే దాటింది. ఆలస్యమైనకొద్దీ బుర్ర ఎదగదు. పోయింది మళ్ళీ రాదు."

"అలాంటి పిల్ల... పాలు సరిగ్గా తాగదా?"

"తాగదు. ఎప్పుడూ నిద్రే. ఏడవదు కూడా. ఎంత బుద్ధిమంతురాలో అని ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు."

"మురిసిపోతున్నారు."

"ఏంటి?"

"ఏం లేదు. మురిసిపోతారులే అంటున్నా."

"ఏదో ఒక పేరు కొట్టెయ్యక్కా. గడి నిండితే మందుల గది మాత్రలిస్తుంది. తర్వాత మార్చుకోవచ్చు."

"ఏదో ఒక పేరా! పేరు పెట్టాల్సిన మేనత్త బతికుండగా? రేపు నీ పిల్లకి నేను దారినపోతూ పేరు పెడితే ఊరుకుంటావా? పైగా ఇప్పుడు ఉత్తుత్తి పేరు రాస్తే, రేపు అసలు పేరుతో ఇంకో పిల్ల తయారవుతుంది సిస్టంలో. జబ్బు ఒక పేరు మీద, మాత్ర ఇంకో పేరు మీద."

"అయితే ఆ మేనత్త, ఆ మహాతల్లి, పంతొమ్మిది రోజులుగా ఏం వెలగబెడుతోంది? మా మేనత్త నేను పుట్టిన పూటే చాప చంకన పెట్టుకుని వచ్చేసిందట పేరు పెట్టడానికి."

"ఏదో కారణం ఉండుంటుంది."

"ఏం కారణం? అలక! ఇంకేముంటుంది?"

"తమ్ముడు మాటైనా చెప్పకుండా పెళ్ళి చేసుకుంటే? అక్క కూర్చోవాల్సిన చాప మీద ఇంకెవరినో కూర్చోబెడితే? పేరడగడానికి కూడా తను రాకుండా ఎవరినో పంపితే?"

"తమ్ముడి మీద అలగమను. ఆ పసిదాని మీదేంటి? నా ఎదురుగా ఉంటే కడిగేసేదాన్ని."

"కడుగు."

"ఎవర్ని? అయినా ఇదంతా నీకెలా తెలుసు?"

"...ఫెలేటీ పడవ హాపై దీవులకి వెళ్ళేదే కదా?"

"అవును. ఇవాళ పోతే మళ్ళీ వచ్చే వారమే. ఏమైంది?"

"ఫోన్ చెయ్యి. తాడు విప్పొద్దను."

"అక్కా, ఏ ఇంటికని పంపను? అక్కడి క్లినిక్కులో ఆ మాత్రలు లేవు, ఇక్కడ్నించే వెళ్ళాలి, కానీ ఎవరికి?"

"రేవు దిగాక చర్చి వెనక, నీలం తలుపు. మెలెనైతే మొగుడి పేరు సియోసాయా. నీ మొగుణ్ణి దిగగానే పరుగెత్తమను. ఆగకుండా."

"సియోసాయా అంటే... మీ..."

"ఇటు జరుగు, మీటలు కనపడట్లేదు. కాదు, నువ్వే కొట్టు."

"ఏం కొట్టను?"

"లూపే."

"లూపే. ఎక్కింది. మందుల గదికి వెళ్ళింది, ఇదిగో పచ్చ గుర్తు. అక్కా, ఎవరు పెట్టారీ పేరు?"

"మా అమ్మ పేరు. అది పుట్టిన రోజే అనుకున్నా. తమ్ముడొచ్చి అడిగితే చెబుదామని కూర్చున్నా."