కత్తికి అడ్డు నిలిచిన డాక్టర్ తలెమైతొంగా

1989 మార్చి ఆరవ తేదీన, మన దీవుల రాజధాని సువాలో వైద్యవిద్య ముగించుకొని మన ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగంలో చేరిన డాక్టర్ మెరేసెయిని తలెమైతొంగా గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు. వారి ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యుడిగా దీర్ఘకాలం పనిచేసిన నన్ను ఈ వీడ్కోలు సంచికకు నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలతో సరిపెట్టడం నా వల్ల కాదు.

తొలి దశాబ్దం దీవుల మధ్య పడవల్లో తిరిగి వైద్యసేవలందించిన వారు, తదనంతరం ఆస్ట్రేలియాలో కండరాల్లోనూ కొవ్వులోనూ పుట్టే అరుదైన కేన్సర్ల చికిత్సలో శిక్షణ పొంది, అక్కడి ఉద్యోగాన్ని కాదని మన వద్దకే తిరిగి వచ్చారు. వచ్చినవారిని మనమెలా ఆదరించామో కూడా రాయాలి.

తవేయుని దీవికి చెందిన అనసెయిని అనే నెట్‌బాల్ క్రీడాకారిణి తొడలో గడ్డతో వచ్చింది. ఆటలో తగిలిన దెబ్బ వాపేనని అంతవరకూ కట్లు కట్టి పంపేశారు. ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టాక ఆమెకు నేనింకా మత్తు ఇవ్వలేదు. ఆ అమ్మాయి అంతా వింటూనే ఉంది. అప్పటి విభాగాధిపతి కత్తి అందుకున్నారు. తలెమైతొంగా గారు ఆయనకు అడ్డంగా నిలబడ్డారు.

"కొవ్వు గడ్డమ్మా. చిటికెలో తీసేస్తా, పక్కకు జరుగు."

"జరగను సార్. ఇంత లోతున, ఇంత గట్టిగా ఉన్నదాన్ని కొవ్వని ఎలా అంటారు? కేన్సరైతే మీ కత్తే దాన్ని తొడంతా పులుముతుంది. ముందు స్కానింగ్ చేసి, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

"నాకే పాఠాలు చెబుతున్నావా?"

"పిల్ల కాలు గురించి చెబుతున్నాను."

ఆపరేషన్ ఆపించి చేయించిన పరీక్షలో కేన్సరేనని తేలింది. ముందుగా రేడియేషన్ ఇచ్చి, ఆపైన చుట్టూ కొంత మంచి కండతో సహా గడ్డను తొలగిస్తే కాలు దక్కుతుందని తలెమైతొంగా గారు నిర్ధారించారు. ఆ యంత్రం మన దీవుల్లో లేదు, విదేశానికి పంపాలి. మన ఆసుపత్రి పాలకవర్గం ఒకసారి అధ్యక్షులు రాలేదని, మరొకసారి ఇటువంటి జబ్బు ఎన్నడూ వినలేదని నిర్ణయాన్ని వాయిదా వేసింది. వినకపోతే చెప్పడానికి ఆమె గుమ్మం బయటే నిలబడి ఉన్నారు, లోపలికి పిలవలేదు. అనుమతి వచ్చేనాటికి గడ్డ రక్తనాళాన్నీ నరాన్నీ చుట్టేసింది. ప్రాణం కాపాడడానికి తలెమైతొంగా గారే ఆ కాలు తీయవలసి వచ్చింది.

మెలకువ వచ్చాక అనసెయిని అన్న మాట మేమిద్దరం విన్నాం. "కాలు పోయిందని కాదు డాక్టరమ్మా. తెలిసి కూడా పోనిచ్చారు, అందుకు ఏడుపొస్తోంది."

ఆ సాయంత్రమే డాక్టరుగారు ఎవరూ పిలవకుండానే పాలకవర్గ సమావేశంలోకి నడిచి వెళ్లి, ఆ మాటను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారు. సూది పరీక్ష లేనిదే ఏ లోతైన గడ్డ మీదా కత్తి పెట్టరాదన్న నియమం ఆ రోజు పుట్టింది. అనసెయిని ఈనాడు తన దీవిలో ఆడపిల్లలకు నెట్‌బాల్ నేర్పుతోంది. తలెమైతొంగా గారి స్థానంలో మాత్రం ఇంతవరకూ ఎవరినీ నియమించలేదు. నేటి వీడ్కోలు సభలో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టబోయే పెద్దలు దయచేసి ఇది గమనించాలి.

డాక్టరుగారూ, మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, మీ మనవల సందడి నడుమ నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. మీరు ఇన్నేళ్లు ఒంటరిగా పడిన కోపాన్ని ఇకమీదట మేము పడతాం.