ఎల్సమ్మగారి ఆకుపచ్చ పుస్తకం

ఆ గునపం కాస్త కింద పెట్టన్నయ్యా. పెట్టు. నేను ఇదిగో, ఈ సమాధి పలక మీదే కూర్చుంటున్నాను. నేను లేచేదాకా నువ్వు పగలగొట్టలేవు కదా.

పది గంటలకి తవ్వమన్నారని నాకూ తెలుసు. తీర్మానం నేనూ చదివాను. చర్చి కమిటీలో ఐదుగురుంటే నలుగురు చేతులెత్తారట, ఐదో ఆయన నిద్రపోయాడట. తాసీల్దారు సంతకం కూడా అయిపోయింది. మా అత్తగారు పోయిన రోజున పెట్టె మొయ్యడానికి మనుషుల్ని పిలవాల్సొచ్చింది. పైకి తియ్యడానికి మాత్రం పిలవకుండానే వస్తున్నారు.

నవ్వకు జీవరత్నం అన్నయ్యా. అసలు ఎందుకు తవ్వుతున్నావో నీకెవరైనా చెప్పారా? ఏదో కాయితం కావాలట అన్నారా? అంతేలే. తొమ్మిదేళ్ల కిందట ఆవిణ్ణి ఈ గోతిలో దించింది నువ్వు. నీకు కారణం చెప్పే మర్యాద కూడా లేదు మా వాళ్లకి.

నేను చెప్తాను. పొద్దున్నే మొదటి బస్సెక్కి వచ్చింది అందుకే. మీ బావా, మా అమ్మాయి ఏంజెలూ పటమటలో టిఫిన్లు చేసి, కారు తుడిపించుకుని బయల్దేరాలి. ఉయ్యూరు రోడ్డు మీద చెరుకు లారీలు ఎలాగూ ఆపుతాయి. మనకి కాస్త టైముంది.

మా అత్తగారు జర్మనీ మనిషని ఈ ఊళ్లో తెలియనిదెవరికి? యాభై ఎనిమిదిలో మిషనాస్పత్రికి నర్సుగా వచ్చింది. పేరు ఎల్స్‌బెత్. మూడేళ్లు తిరిగేసరికి ఎల్సమ్మ అయింది, కాంపౌండర్ సొలొమోను గారి భార్య కూడా అయింది. పెళ్లి ఇక్కడే, మన చర్చిలోనే.

ఆ పెళ్లికి మా మామగారి చెల్లెలు అమలమ్మ గారు రాలేదు. దొరసాని చేతి కూడు ముట్టనని ఒట్టు పెట్టుకుంది. యాభై ఏళ్లు నిలబెట్టుకుంది కూడా. మంచం దిగలేని ఆ మనిషి మొన్న ఆటో కట్టించుకుని మా ఇంటికొచ్చి, మా వదినంత మంచిది ఈ భూమ్మీద పుట్టలేదని కళ్లొత్తుకుంది. చచ్చినవాళ్ల కళ్లు చారెడని ఊరికే అన్నారా. కాఫీ తాగాక అసలు సంగతి అడిగింది. తన మనవడికి కూడా ఆ జర్మనీ పౌరసత్వం వస్తుందా అని.

రాదండీ, ఎల్సమ్మ గారి కడుపున పుట్టినవాళ్లకే అన్నాను. ఆ కాఫీ ఎందుకు తాగానా అన్నట్టు చూసింది.

ఇదీ సంగతి. జర్మనీలో వెనకటికి ఒక చట్టం ఉండేదట. వాళ్ల మగాడు ఏ దేశం పిల్లని చేసుకున్నా వాడి బిడ్డ జర్మన్. వాళ్ల ఆడపిల్ల బయటివాణ్ణి చేసుకుంటే మాత్రం ఆవిడ బిడ్డ జర్మన్ కాదు. కూతురి బిడ్డ పరాయి ఇంటి బిడ్డ అనేది మన దగ్గరే అనుకున్నాను. దొరలకీ ఉందన్నమాట.

ఆ చట్టాన్ని డెబ్బై అయిదులో మార్చారు గానీ, అంతకుముందు పుట్టినవాళ్లు చాలామంది అలాగే మిగిలిపోయారు. నాలుగేళ్ల కిందట తప్పు ఒప్పుకుని ఇంకో చట్టం తెచ్చారు. అలా పోగొట్టుకున్నవాళ్లూ, వాళ్ల పిల్లలూ మాకు కావాలని రాసిస్తే చాలు, జర్మన్లే. భాష రానక్కర్లేదు. ఆ దేశం మొహం చూసి ఉండక్కర్లేదు. గడువు రెండువేల ముప్పై ఒకటి, ఆగస్టు పంతొమ్మిది.

మీ బావ పుట్టింది అరవై నాలుగులో. సరిగ్గా సరిపోయాడు.

ఏంజెల్ ఈ ముక్క ఫోన్లో చదివి వినిపించిన రోజు నుంచీ మనిషి మనిషిలో లేడనుకో. కొండపల్లి దగ్గర థర్మల్ కరెంటు స్టేషన్లో ముప్పై ఏళ్లు బొగ్గు దుమ్ము పీల్చి రిటైరయినవాడు, పొద్దున లేచి అద్దం ముందు నుంచుని, నా ముక్కు మా అమ్మదే కదూ అని నన్నడుగుతాడు. అరవై దాటాక ముక్కు గుర్తొచ్చింది. చిన్నప్పుడు దొరసాని కొడుకని పిల్లలు ఏడిపిస్తారని తల్లితో బజారుకి రానని మొండికేసినవాడు ఈయనే. ఆవిడే చెప్పింది నాకు. బలవంతాన తీసుకెళ్తే పది అడుగులు వెనక నడిచేవాడట.

పాపం, ఆవిడ ఇక్కడ పరాయిదే కదా. ప్రతి ఏడూ బెజవాడ పోలీసాఫీసుకెళ్లి, నేనింకా ఇక్కడే ఉన్నానని సంతకం పెట్టి వచ్చేది. ఇప్పుడు ఈయన తన ఇండియా పాస్‌పోర్టు మన సర్కారుకి తిరిగిచ్చేసి, సొంతింట్లో పరదేశిగా ఉండటానికి కార్డు తీసుకుంటాడట. ఓటు కూడా ఉండదు. పోతే పోయిందంటాడు.

నాకా? నాకు రాదన్నయ్యా. ఆ ఫారంలో కోడలికి గడి లేదు. కొడుక్కి ఉంది, మనవరాలికి ఉంది. వాళ్లతో నేను వెళ్లి ఉండాలంటే వీసా. వీసా కావాలంటే ముందు జర్మన్ భాషలో పరీక్ష. ఏంజెల్ బెంజ్ సర్కిల్ దగ్గర కోచింగ్ సెంటర్ నుంచి పుస్తకం తెచ్చి, రోజుకో పాఠం చదువు మమ్మీ అంది.

ఎవరికి చెప్తోందో చూడు.

చివరి అయిదేళ్లు మా అత్తగారికి మతి పోయిందని నీకు తెలుసుగా. ముందు మనుషుల్ని మర్చిపోయింది. తర్వాత తెలుగు మర్చిపోయింది. యాభై ఏళ్లు మాట్లాడిన తెలుగు, వంకాయల దగ్గర గీచి గీచి బేరమాడిన తెలుగు, ఆర్నెల్లలో తుడిచిపెట్టుకుపోయింది. చిన్ననాటి భాష ఒక్కటే మిగిలింది. అది వచ్చినవాళ్లు మా వీధిలో కాదు, మా బంధువుల్లోనే ఎవరూ లేరు.

నేర్చుకున్నాను. ఏం చెయ్యను మరి, చెయ్యాల్సింది నేనే కదా. వాసర్ అంటే నీళ్లు. కాల్ట్ అంటే చలి. ష్మెర్ట్సెన్ అంటే నొప్పులు. బ్లైబ్ అంటే ఉండు, వెళ్లకు. నా కొంగు పట్టుకుని రోజుకి నలభైసార్లు అనేది, బ్లైబ్ అని.

మీ బావ గుమ్మం దగ్గర నుంచుని, అమ్మ ఏవంటోంది అని నన్నడిగేవాడు. నేను తెలుగులో చెప్పేదాన్ని. కన్నతల్లికీ కొడుక్కీ మధ్య దుబాసీ పని చేశాను. ఆయన లోపలికొచ్చేవాడు కాదు. గదిలో వాసనొస్తోందనేవాడు.

ఆ కోచింగ్ పుస్తకంలో మొదటి పాఠం ఏంటో తెలుసా? నా పేరు ఫలానా, నాకొక కాఫీ కావాలి, రైల్వేస్టేషన్ ఎటు. నాకవేం రావు. పక్క తడిసింది, దుప్పటి కప్పు, సూది వద్దు, ఇవి వచ్చు. ఇవి పరీక్షలో అడగరట.

సరే, వస్తున్నా, కాయితం సంగతికే వస్తున్నా.

రాసిస్తే చాలన్నారు గానీ, తల్లి జర్మన్ అని రుజువు చూపించాలి కదా. ఆవిడ పుట్టిన ఊరు యుద్ధమయ్యాక వేరే దేశంలో కలిసిపోయింది. అక్కడి చర్చీ, అందులో రిజిస్టర్లూ కాలి బూడిదయ్యాయి. ఇక్కడ ఆస్పత్రి కాయితాలు డెబ్బై ఏడు తుఫానులో నానిపోయాయి. ఇక మిగిలింది ఆవిడ పాత పాస్‌పోర్టు. ఆకుపచ్చ అట్ట పుస్తకం. నానమ్మ బైబిలుకి కుట్టుకున్న గుడ్డ కవరులో అది ఉండేదని ఏంజెల్‌కి గుర్తొచ్చింది.

ఆ బైబిలు ఎక్కడుంది? పెట్టెలో, ఆవిడ గుండెల మీద. నువ్వూ చూశావు. మూత పట్టుకుని, అమ్మా ఇంకేమైనా పెట్టాలా అని అడిగింది నువ్వే.

పాస్‌పోర్టు కూడా అందులోనే పోయిందా మమ్మీ అని అడిగింది ఏంజెల్. అందులోనే ఉండి ఉంటుంది అన్నాను. అక్కడితో ఆగుతారనుకున్నాను. మట్టిలో కలిసిందంటే ఎవరైనా ఏం చేస్తారు, అయ్యో అనుకుని ఊరుకుంటారు. వీళ్లు గునపం తెప్పించారు.

ఈ నేల సంగతి నీకు తెలుసు. మూడడుగులు తవ్వితే నీళ్లూరతాయి. పెట్టే ఉండదు, ఇక కాయితం ఉంటుందా? ఆ మాటే అన్నాను మీ బావతో. ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉండొచ్చు కదా అన్నాడు. తల్లి ఎముకలు ఏమైపోతాయో అడగలేదు. కవరు సంగతి అడిగాడు.

ఎందుకలా చూస్తావు?

సరే. ఇదిగో, ఈ సంచిలోనే ఉంది. చూడు, తడి తగల్లేదు, చెద పట్టలేదు. తొమ్మిదేళ్లుగా నా బీరువాలో, పెళ్లి పట్టుచీర మడతలో ఉంది.

తిట్టే ముందు విను. నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఓ మధ్యాహ్నం ఇద్దరం చింతపండు గింజలు తీస్తుంటే ఆవిడే చెప్పింది. కొడుక్కి ఏడాది నిండకముందే ఎత్తుకుని మద్రాసు వెళ్లిందట, వాళ్ల దేశం ఆఫీసులో వాడి పేరు తన పాస్‌పోర్టులో రాయించడానికి. రాయలేదు. తండ్రి ఇండియావాడు, రూలు ఒప్పుకోదన్నాడట అక్కడి ఆఫీసరు. అని, ఓ నవ్వు నవ్వి, పెళ్లి చేసుకోకుండా కని ఉంటే వీడు జర్మన్ అయ్యేవాడమ్మా అన్నాడట.

నిజమేనట, రూలే అది. తాళి కట్టించుకున్నందుకు శిక్ష.

ఆవిడ పిల్లాణ్ణి చంకనేసుకుని రైలెక్కి వచ్చేసింది. మామగారికి కూడా చెప్పలేదు. నాకు చెప్పి, చింతపండు చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "సువార్తా, నేను పోయాక ఈ పుస్తకం నాతోనే పెట్టెయ్. వాడికి చెప్పకు. నేను వాళ్ల నాన్నని పెళ్లి చేసుకోబట్టి తనకేదో పోయిందని వాడు ఎప్పుడూ అనుకోకూడదు" అంది.

పెట్టేసేదాన్నే. నువ్వు మూత పట్టుకున్నప్పుడు చివరిసారని తెరిచాను. ఫోటోలో ఇరవై నాలుగేళ్ల పిల్ల పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. నేను అయిదేళ్లు కడిగి తుడిచిన మొహమే అది. ఆ నవ్వు మాత్రం నేనెప్పుడూ చూడలేదు. చేతులు రాలేదు. కొంగు కింద దాచేశాను. మాట తప్పాను.

చట్టం వచ్చాకైనా ఇవ్వచ్చు కదా అంటావు. ఇద్దామనే అనుకున్నాను, దేవుడి తోడు. ఏంజెల్ చదివిన రోజునే బీరువా తాళం చేతిలోకి తీసుకున్నాను. వాళ్లే తప్పయిందన్నారు కదా, ఆవిడ కూడా సంతోషిస్తుందనుకున్నాను. అప్పుడే మీ బావ, అన్నంలో పెరుగు కలుపుకుంటూ, నవ్వుతూ అన్నాడు: "మా అమ్మ ఆ పెళ్లి గిళ్లీ లేకుండా నన్ను కనేసి ఉంటే, నేను ఎప్పుడో జర్మనీలో ఉండేవాణ్ణి."

కూతురి ముందు అన్నాడు. అదీ నవ్వింది.

తాళం మళ్లీ బొడ్లో దోపుకున్నాను. గడువు దాటేదాకా నోరు మూసుకుంటే సరి అనుకున్నాను. ఎంత, ఆరేళ్లు. అయిదేళ్లు ఆవిడ పక్కలు ఉతికినదాన్ని, ఆరేళ్లు కాపలా కాయలేనా?

అంతా ఆవిడ కోసమే దాచానని కూడా అననులే. నా అక్కసూ ఉంది. ఎవరికీ అక్కర్లేనప్పుడు ఆవిడ నాది. ఇప్పుడు అందరిదీనా?

అదిగో హారన్. మా కారే. పాస్టరు గారు కూడా ముందు సీట్లో ఉన్నట్టున్నారు.

నువ్వేం మాట్లాడకు. నేనే ఇచ్చేస్తాను. ఆవిడ మీద గునపం పడేకంటే నా మీద మాటలు పడటం నయం. తిడతారు. తిట్టి, ఫోటోలు తీసుకుని, ఫారం నింపుకుంటారు. ఏడాది తిరిగేసరికి మా ఇంట్లో ఇద్దరు జర్మన్లూ, ఒక కోడలూ.

కాస్త చెయ్యందించు, మోకాళ్లు పట్టేశాయి.

అయ్యో, ఎంత పని చేశానన్నయ్యా. తొమ్మిదేళ్లుగా వచ్చినప్పుడల్లా ఈ పలక దగ్గర కూర్చుని ఆవిడకి అన్నీ చెప్పుకున్నాను. చట్టం మారిందని చెప్పాను, అమలమ్మ గారు ఏడ్చిందని చెప్పాను. కొడుకు నవ్వుతూ అన్న ఆ ఒక్క మాటా దాచాను. ఇప్పుడు సరిగ్గా ఆవిడ గుండెల మీద కూర్చుని నీతో అనేశాను.

పోన్లే. నయం, ఆవిడ తెలుగు మర్చిపోయే పోయింది.