గాలిమర బాబాయి జంట

వాన పట్టుకుంది. టీ కొట్టు రేకు కింద నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. గాలిమర బాబాయికి అంతకన్నా ఏం కావాలి? వాన ఉన్నంతసేపే జనం. అది వెలిసిందంటే ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు, తను పోయి తన గది తాళం తనే తీసుకోవాలి. లోపల ఒక మంచం, ఒక కంచం, పలకరించే దిక్కు లేదు. అందుకే ఆకాశం వంక ఓసారి చూసుకుని గొంతు సవరించుకున్నాడు.

"నేను దేశదేశాలు తిరిగి గాలిమరలు బిగించే రోజుల్లో, నడిసముద్రంలో ఒకటి ఆగిపోయింది. కంపెనీ వాళ్ళు కాళ్ళావేళ్ళా పడితే వెళ్ళాను. తాటిచెట్టంత ఎత్తు. ఎక్కాను, వదులైన బోల్టు బిగించాను, తిరిగింది. అంతే."

"అంతేనా?" పక్కనున్న దర్జీ గోడకానించిన గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

బాబాయి అతని మోచెయ్యి పట్టి ఆపాడు. "అంతే అయితే చెప్పడమెందుకోయ్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేనింకా రెక్క మీదే ఉన్నాను, అది తిరగడం మొదలెట్టింది! ఓ చుట్టుకి ఈ దేశం, ఇంకో చుట్టుకి పక్క దేశం. పది తాటిచెట్ల ఎత్తు మరి! మబ్బులు అడ్డొస్తుంటే తువ్వాలుతో తోసుకుంటూ..."

"ఇందాక ఒక్క తాటిచెట్టేగా?" అంది టీ కొట్టు అక్క.

"ఎక్కేటప్పుడు ఒకటే తల్లీ. కిందకి చూసేసరికి పది."

అందరూ నవ్వారు. రేకు మీద చప్పుడు పలచబడింది. బాబాయి కంగారుగా అందుకున్నాడు.

"నా బరువుకి అది తిరిగిన తిరుగుడుకి ఊళ్ళన్నీ వెలిగి, తెల్లారిందనుకుని కోళ్ళు కూశాయి. మిగిలిన గాలి పారబోస్తామా? గోనెసంచుల్లో కుక్కి, గాలాడని దేశానికి ఓడలో పంపాను. అక్కడి రాజు ఆత్రం కొద్దీ సంచి మూతి విప్పాడు, కోటతో సహా లేచొచ్చి నా ముందు వాలాడు! నా కూతుర్నిస్తాను, ఇక్కడే ఉండిపో నాయనా అని ఒకటే బతిమాలడం."

"మరి ఉండిపోలేదేం?" అన్నాడు దర్జీ.

"పని పిలిచిందిరా," అన్నాడు బాబాయి, తువ్వాలు దులుపుకుంటూ.

వాన పూర్తిగా వెలిసింది. చివర కూర్చున్న లారీ డ్రైవరు లేచాడు. ఊరికి కొత్తవాడు, గాలిమర రెక్కలు మోసే బండి అతనిది.

"పెద్దాయనా, కోట ఎగిరిందంటే నమ్మాను. ఒక్కటే మింగుడు పడలేదు. ఆ మర మీదికి ఒంటిగా ఎవర్నీ ఎక్కనివ్వరు. ఇద్దరెక్కాలి, ఒకళ్ళ తాడు ఇంకొకళ్ళు చూసుకోవాలి. మరి మీ జంట ఎవరు?"

బాబాయి నోరు తెరిచాడు. రాజుల్ని, సముద్రాల్ని అలవోకగా పుట్టించిన నోరది. తాడు పట్టుకునే ఒక్క మనిషిని పుట్టించలేకపోయింది. డ్రైవరు బండెక్కి వెళ్ళిపోయాడు. అక్క గ్లాసులు కడగడం మొదలెట్టింది. బాబాయి లేచి చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కున్నాడు.

దర్జీ గొడుగు మళ్ళీ గోడకానించాడు. "జంట నేనేనని చెప్పొద్దూ బాబాయ్?"

"నువ్వా? బల్బు మార్చడానికి ముక్కాలి పీట ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి నీకు!"

"అందుకే కింద నిలబడ్డాను," అన్నాడు దర్జీ. "నువ్వు దిగేదాకా కింద ఒకళ్ళుండాలిగా."

దర్జీ కోసిన ఆ కోతని మించిన కోత బాబాయికి తట్టలేదు. మెల్లగా మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు.