చేతికి మించిన తుపాకీ

ముందుకు రండర్రా. ఆ గోడవార కుర్చీలు వదిలేసి ఇలా పొయ్యి దగ్గరికి జరగండి. ఏటా ఇదే తంతు. వేట పాఠం చెప్పడానికి నేనొస్తాను, మీరేమో ఎప్పుడు వదిలేస్తానా అని తలుపు పక్కనే కూచుంటారు. బ్రిన్, నీ పక్కన చోటుందిగా, ఆ సంచీ తీసి కింద పెట్టు.

ఇందాక ఆ ప్రశ్న అడిగిందెవరు? నువ్వేనా, టకర్? మళ్ళీ అడుగు, అందరూ వింటారు. అడగవా? సరే, నేనే చెప్తాను. "రివాల్వర్‌తో ఎల్క్‌లాంటి పెద్ద దుప్పిని కొట్టాలంటే అన్నిటికన్నా పెద్ద క్యాలిబర్ తుపాకీ కొనేస్తే సరిపోతుంది కద సార్, ఇంత పాఠమెందుకు?" అన్నాడు. నవ్వకండి. మీలో సగం మంది మనసులో ఉన్నదే వాడు పైకన్నాడు. ఏమిటీ, మీ మామయ్య దగ్గర ఐదొందల మాగ్నమ్ ఉందా? ఉంటుంది. బొటనవేలంత లావు తూటా. పేలితే చెవులు రెండూ దిబ్బళ్ళు పడతాయి.

పుస్తకాలు మూసెయ్యండి. ఇది పుస్తకంలో లేదు.

మెర్ల్ తెలుసుగా మీకు? రంపపు మిల్లు వెనకాల ఇల్లు, నీలం ట్రక్కు. ఆఁ, ఎవరితోనూ మాట్లాడడు, ఆయనే. మా బావ. మా చెల్లెలు ఆర్డిస్ భర్త. ఒకప్పుడు మాట్లాడేవాడు. ఎంత మాట్లాడేవాడంటే, "మెర్ల్, నువ్వు కాస్త ఊపిరి తీసుకుంటే నేను కాఫీ తాగుతాను" అనేది మా చెల్లెలు.

వేటకి ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. ఆమె పిలిచేది, ఆయన కొట్టేవాడు. ఆడ ఎల్క్ గొంతుతో పిలవడానికి మనం కొట్లో ఊదే బూరలు కొనుక్కుంటాం కదా, ఆమెకి అవేం అక్కర్లేదు. అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచిందంటే, కొండకి అవతల మేస్తున్న కొమ్ముల మగ ఎల్క్ కూడా తల ఎత్తాల్సిందే. నేను ఆమెకి అన్నని. చిన్నప్పట్నించీ ఆమె దగ్గర నేర్చుకోవాలని చూశాను. నా పిలుపు వింటే పక్కింటి ఆవు వచ్చేది.

తర్వాత మిల్లులో దుంగ జారి మెర్ల్ కుడి భుజం నుజ్జయింది. లోపల ఇనుప పలక వేసి కుట్టారు. రైఫిల్ మడమ ఆ భుజానికి ఆనిస్తే చాలు, మనిషి కళ్ళు తిరిగి కూలబడేవాడు. అందుకని రివాల్వర్. రెండు చేతులూ చాచి పట్టుకుంటే, పేలినప్పుడు వచ్చే ఎదురుతన్ను మణికట్లు కాచుకుంటాయి. వేటకి ఆయనకి మిగిలింది ఆ ఒక్క దారే.

సరిగ్గా ఆ ఏడే ఆర్డిస్‌కి ఊపిరితిత్తుల్లో జబ్బు బయటపడింది. ఇంకో వేటకాలం చూడకపోవచ్చన్నారు. ఆమె ఏం కోరిందనుకున్నారు? "మెర్ల్ కోసం ఇంకొక్కసారి పిలవాలి అన్నయ్యా" అంది. నా ట్యాగ్, అదే ఎల్క్ వేట అనుమతి చీటీ, నా జేబులోనే ఉంది, నేను తీసుకెళ్తానన్నాను. "నీ కోసం కాదు" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఏం చేస్తాం.

ఇక తుపాకులమ్మే గస్ కొట్టుకి వెళ్ళాం ముగ్గురం, రివాల్వర్ ఎంచడానికి. ఆర్డిస్ గాజుపెట్టె మీద వేలు పెట్టి నలభైనాలుగు మాగ్నమ్ చూపించింది. చేతికి సరిపోయే బరువు, గట్టిదే, దగ్గర్నించి సరైన చోట తగిలితే ఎల్క్ అక్కడే పడుతుంది. పక్కనే కాఫీ తాగుతున్న మిల్లు జనం ఊరుకుంటారా? "అది మీ ఆవిడకా, నీకా మెర్ల్?" అన్నాడొకడు. "దాంతో ఎల్క్‌ని కొడితే దానికి దోమ కుట్టినట్టుంటుందేమో" అన్నాడు ఇంకొకడు. గస్ మాత్రం ఐదొందల మాగ్నమ్ తీసి బట్ట మీద పెట్టాడు, అంతే. అమ్మేవాడికి మాటలెందుకు?

మెర్ల్ ఆ వెటకారాలకి లొంగి కొన్నాడని ఊళ్ళో ఇప్పటికీ అనుకుంటారు. కాదు. నేను పక్కనే ఉన్నాను. ఆర్డిస్ చెయ్యి పట్టుకుని చిన్నగా అన్నాడు: "ఆర్డీ, నువ్వు పిలిచి తెచ్చాక అది నా చేతుల్లోంచి తప్పించుకోకూడదు. ఎక్కడ తగిలినా పడిపోవాలి. నాకు ఆ భరోసా కావాలి." మా చెల్లెలు ఆయన మొహం చూసి నలభైనాలుగు మీంచి వేలు తీసేసింది.

విన్నావా, టకర్? ఎక్కడ తగిలినా పడిపోయే తూటా అంటూ ఏదీ లేదు. గస్ దగ్గరా లేదు, మీ మామయ్య దగ్గరా లేదు.

కంకర గుంట దగ్గర అభ్యాసం మొదలుపెట్టాడు. కాగితం పళ్ళెం కట్టి కాల్చడం. మొదటి వారమే బొటనవేలి పక్కన చర్మం చీలింది. పట్టీ కట్టుకుని మళ్ళీ కాల్చాడు. మీకు ఎవరూ చెప్పరుగానీ, మోయలేని తుపాకీని ఎంత ఎక్కువ కాలిస్తే అంత భయం నేర్చుకుంటుంది చెయ్యి. మనిషికి తెలీకుండానే నేర్చుకుంటుంది.

ఒకరోజు ఆర్డిస్ తానే రివాల్వర్ చక్రంలో తూటాలు నింపింది. మధ్యలో ఒకటి ఖాళీ గుల్ల పెట్టి, ఆయనకి చెప్పకుండా చేతికిచ్చింది. చెయ్యి బెదురుతోందో లేదో తెలుసుకోడానికి పాత వేటగాళ్ళందరూ చేసే పనే ఇది. ఖాళీ గుల్ల వంతు వచ్చేసరికి ట్రిగ్గర్ టిక్కుమంది, పేలలేదు. కానీ గొట్టం మాత్రం నేలవైపు దిగిపోయింది. మెర్ల్ కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

"చూశావా?" అంది ఆర్డిస్.

"అలవాటవుతుంది" అన్నాడు మెర్ల్.

"ఇంకా టైముంది, గస్ మార్చిస్తాడు."

"అలవాటవుతుందన్నానుగా, ఆర్డీ."

ఆ సాయంత్రం వాళ్ళింటి మెట్ల మీద కూచుని నాతో అంది: "ఇంకా గట్టిగా చెప్తే అసలు రాననేస్తాడు అన్నయ్యా. నాకు తుపాకీ ముఖ్యం కాదు." నేనూ ఊరుకున్నాను.

వెళ్ళారు. ఆస్పెన్ చెట్లు పసుప్పచ్చగా పండి ఆకు రాలుస్తున్నాయి. నేను కింద ట్రక్కు దగ్గర ఉన్నాను. ఆమె పది అడుగులకోసారి ఆగి, చెట్టు పట్టుకుని నిలబడి, మళ్ళీ నడిచింది. కాసేపయ్యాక పైనుంచి ఆ పిలుపు వినపడింది. ఊపిరి లేని మనిషి పిలిచినట్టు లేదు. ఏమీ జరగనట్టే ఉంది, పిల్లలూ. అవతలి గట్టు మీంచి జవాబొచ్చింది. మళ్ళీ పిలిచింది. ఈసారి జవాబు దగ్గర్నించి వచ్చింది.

కొమ్ములవాడు చెట్లలోంచి బయటికొచ్చి ఈ హాలు పొడుగంత దూరంలో నిలబడ్డాడట. ఒళ్ళు అడ్డంగా పెట్టి, పక్కటెముకలు చూపిస్తూ. అంతకన్నా మంచి గురి దొరకదు. మెర్ల్ రివాల్వర్ ఎత్తాడు, గొట్టం దిగిపోయింది, తూటా కిందగా పోయి కడుపులో తగిలింది. దాని లావెంతైతేనేం, తగిలింది కడుపులో. అది ఒక్క గెంతులో చెట్లలో కలిసిపోయింది.

ఆ పూటంతా, మర్నాడంతా వెతికాం మెర్ల్, నేను. ఆకుల మీద రక్తం కొంతదూరం కనపడింది. తర్వాత చుక్కలయింది. తర్వాత రాళ్ళొచ్చాయి, అదీ లేదు. ఆర్డిస్ ట్రక్కులో దుప్పటి కప్పుకుని కూచుంది. మేం ఖాళీ చేతులతో దిగొచ్చినప్పుడల్లా మా మొహాలు చూసి ఫ్లాస్కులోంచి కాఫీ వంచి ఇచ్చేది.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మర్నాడు సాయంత్రం మెర్ల్ ఒక మోడు మీద కూచుని ట్యాగ్ బయటికి తీశాడు. మీకు పోయిన వారం ఏం చెప్పాను? ఏడాదికి మనిషికి ఒక్క ట్యాగ్, ఒక్క ఎల్క్. కొట్టగానే ట్యాగ్ మీద తేదీ దగ్గర కత్తితో గాటు. మరి గాయపరిచి పోగొట్టుకుంటే? చట్టం ఏమీ అనదు. కానీ మన లోయలో పరువున్న వేటగాడు అప్పుడూ గాటు పెడతాడు. నీ వల్ల చచ్చింది నీ లెక్కే. దాంతో ఆ ఏడాదికి నీ వేట అయిపోయినట్టే.

ఆయన కత్తి తెరవగానే చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు, బావా. ఎవరు చూశారు? ఇంకా వేటకాలం ఉంది. రేపు నలభైనాలుగు తెచ్చుకుందాం. ఆమె ఇంకోసారి పిలుస్తుంది. ఆమెకి మళ్ళీ ఏడాది లేదు, బావా."

అవును, నేనే అన్నాను. అలా చూడకు, బ్రిన్. ఏటా ఈ పొయ్యి దగ్గర కూచుని మీకు ఆ పద్ధతి నేర్పే మనిషినే అన్నాను.

మెర్ల్ నా చెయ్యి విడిపించుకున్నాడు. గాటు పెట్టాడు. పెట్టాక, పలక ఉన్న భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ట్రక్కు దగ్గరికొచ్చి ఆమెకి చూపించాడు. "మంచి పని చేశావు" అంది. ఆయన తల తన ఒళ్ళోకి లాక్కుంది. నేను బయట నిలబడి టైరుకి పట్టిన బురద గీకుతూ ఉన్నాను.

మంచు కరగకముందే పోయింది మా చెల్లెలు.

మరుసటేడు మెర్ల్ ఐదొందల తుపాకీ తిరిగిచ్చేసి నలభైనాలుగు తెచ్చుకున్నాడు. వేసవంతా కాగితం పళ్ళేలు కాల్చాడు, తూటాలన్నీ పళ్ళెంలోనే పడ్డాయి. అక్టోబరులో ఒక్కడే కొండెక్కాడు. పిలిచేవాళ్ళు లేరుగా, నీళ్ళ దగ్గర రోజులకొద్దీ కాసుకుని కూచున్నాడు. ఒక్కటే దెబ్బ. అక్కడే పడింది. కాబట్టి, టకర్, నీ ప్రశ్నకి జవాబు అది. కళ్ళు తెరుచుకుని కాల్చగలిగినంతే కొనుక్కో. పరీక్షలో అదే రాయి.

వెన్ను మాంసం నీటుగా చుట్టి మా ఇంటికి తెచ్చాడు. వేటలో అన్నిటికన్నా మంచి ముక్క అది. నేను తలుపు తీశాను. లోపలికి రమ్మనలేదు. ఆయన మాంసం వాకిట్లో బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఏటా తెస్తాడు. ఏటా అలాగే వెళ్ళిపోతాడు.

నేను లోపలికి పిలవనిది ఐదొందల తుపాకీ కొన్నందుకు కాదు. అది ప్రేమకొద్దీ కొన్నాడు, దానికి ఎప్పుడో క్షమించాను. ఆ గాటు పెట్టినందుకు. ఆయన చేసింది సరైన పనే. మీరూ అదే చెయ్యాలి, చెయ్యకపోతే నేను ఒప్పుకోను. మా చెల్లెలు కూడా మంచి పనే అంది. నాకు మాత్రం ఆ మనిషిని చూస్తే, ఆమెకి దక్కని ఆ ఇంకో పిలుపే గుర్తొస్తుంది. ఏం చెయ్యమంటారు? పాఠం వేరు, ఒళ్ళు మండటం వేరు.

సరే, లేవండి. కుర్చీలు మడిచి గోడకి పెట్టండి. బయట మంచు మొదలైంది, దారిలో ఆటలాడకండి. మీ ఇళ్ళల్లో పొయ్యి మీద కూర ఉడుకుతూ ఉంటుంది. వెళ్ళి, అందరూ కలిసి కూచుని వేడిగా తినండి.