స్టూలు పీటయింది

పాత బస్సు డిపో వెనక షెడ్డు. రిటైరైన మగవాళ్ళు నలుగురూ కూడి ఏదో ఒక పని చేసుకుంటారని ఓ మెకానిక్కు అందులో పనిబల్లలు వేయించాడు. గుమ్మంలో అతని స్నేహితుడి భార్య నిలబడింది.

"రా చెల్లెమ్మా. రంపపు పొట్టు అంటుకుంటుంది, చూసుకుని రా."

"మా ఆయన కళ్ళజోడు మర్చిపోయారు అన్నయ్యా, ఇచ్చి పోదామని. ఏరీ?"

"అదిగో, ఆ మూల. స్టూలు చేస్తున్నాడు."

"స్టూలా! పీటలా ఉందే?"

"స్టూలుగానే మొదలైంది. ఓ కాలు పొడుగైందని కోశాడు. అది పొట్టిదయ్యేసరికి తక్కినవీ కోశాడు. ఇప్పటికీ కుంటుతూనే ఉంది."

"మీరు చెప్పకూడదూ?"

"చెప్పాను. తలూపి మళ్ళీ రంపం తీశాడు."

"పోనీలెండి. మీతో కబుర్లకైనా వస్తున్నారు, అదే పదివేలు."

"కబుర్లా? వాడా?"

"అవునన్నయ్యా. బస్సు నడిపినన్నాళ్ళూ నోరు మూతపడని మనిషి, స్టీరింగ్ వదిలాక ఇంట్లో పెదవి విప్పడంలేదు. ఇక్కడ మాట్లాడి మాట్లాడి అలిసిపోయి వస్తున్నారనుకుని నేనూ కదిలించలేదు."

"అయ్యో తల్లీ! ఇక్కడా ఉలకడు, పలకడు. ఉన్న నాలుగు మాటలూ ఇంట్లో నీతో చెప్పుకుంటాడులే అని మేమూ వాడి జోలికి పోలేదు."

మూలనుంచి రంపం చప్పుడు మొదలైంది.

"మళ్ళీ కోస్తున్నారు అన్నయ్యా."

"కోయనీ అమ్మా. కోసినన్నాళ్ళూ వస్తాడు. ఆ కాళ్ళు అయిపోయాక ఏం చెయ్యాలో, అదే నాకు తోచడంలేదు."