బుగ్గమ్మ గల్లీ బోర్డు

(1998 మార్చిలో చిక్కడపల్లి దుకాణదారుల సంఘం చేసిన సన్మానానికి, పని మానుకుంటున్న బోర్డుల పెయింటర్ పీరయ్య ఇచ్చిన జవాబు)

అధ్యక్షత వహించిన స్టీలు సామాన్ల ప్రహ్లాద్ గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన మున్సిపల్ ఆఫీసరు సూర్యనారాయణమూర్తి గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనకాల ఫ్యాను కింద కుర్చీ కోసం ఇంకా కొట్లాడుకుంటున్న మిత్రులకు ఈ పీరయ్య దండాలు. (నవ్వులు) ముప్పై నాలుగేళ్లు నిచ్చెన మీద మీకు వీపు చూపించి నిలబడ్డవాణ్ణి, ఇట్లా మొహం చూపించి మాట్లాడే అలవాటు లేదు, తప్పులుంటే మన్నించండి. ఒక మాట ముందే చెప్తాను. ఈ శాలువా నాకు సంతోషమే. కానీ నేను ఇవాళ వచ్చింది ముఖ్య అతిథి గారిని ఒకటి అడగడానికి, అంతకన్నా ముందు ఈ హాల్లోనే కూర్చున్న ఒకరి దగ్గర నా తప్పు ఒప్పుకోవడానికి. ధైర్యం వచ్చేదాకా కాసేపు బోర్డుల ముచ్చట చెప్తాను.

పాలమూరు నుంచి సున్నం వేసే కూలీగా వచ్చిన నన్ను, నాలుగో తరగతి చదివాడు కదా అని ఎవరో ఒక తలుపు మీద దుకాణం పేరు రాయమన్నారు. ఆ రోజు నుంచి నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్, ఈ మూడు మొహల్లాల్లో నేను చదివిన చదువంతా బోర్డులే. నారాయణగూడలో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ రాయాలి. ఏది పైన రాయమన్నారో చూస్తే చాలు, లోపల బేరం ఏ మాటతో మొదలుపెట్టాలో తెలిసిపోయేది. ఇక మన చిక్కడపల్లిలో చూడాల్సింది 'అండ్ బ్రదర్స్' అన్న మాట. ఇంట్లో పంపకాలు అవుతున్నాయని చుట్టాల కన్నా, వకీలు కన్నా ముందు నాకే తెలిసేది, ఎందుకంటే ఆ మాట తుడవడానికి నన్నే పిలవాలి. ప్రహ్లాద్ గారి బోర్డు మీద దాన్ని రెండుసార్లు రాశాను, రెండుసార్లు తుడిచాను. ఇవాళ ఆయన తమ్ముడు గారు ముందు వరుసలోనే ఉన్నారు. ప్రహ్లాదన్నా, బోర్డు మీద ఆ చోటు ఖాళీగానే ఉంచాను, మాట్లాడుకోండి. (నవ్వులు, చప్పట్లు)

అశోక్‌నగర్‌లో రాజకుమారి అమ్మగారు, నవ్వుతున్నారు చూడండి, ఆమె గేటుకు 'టు-లెట్' బోర్డు రాశాను. అందులో ఎర్ర అక్షరాలతో 'బ్యాచిలర్లకు లేదు' అని రాయించారు. ఎరుపు సరిపోలేదని ఇంకో పూత వేయించారు. తర్వాత ఆ వీధిలో కోచింగ్ సెంటర్లు వచ్చాయి. అమ్మగారి నుంచి పిలుపు. "పీరయ్యా, అది తీసెయ్. బ్యాచిలర్లకే ఇస్తమని రాయి. మంచాలున్నయి, నీళ్లున్నయి అని గూడ రాయి." మరి ఆ ఎరుపు ఏం చేయమంటారమ్మా అంటే, "నీళ్లున్నయి అన్నకాడ పెట్టు" అన్నారు. (పెద్ద నవ్వులు) వీధి మారిందని పేపరులో రాయకముందే గేటు మీద నేను రాశాను.

ఇప్పుడు లోపల ట్యూబులైట్లు పెట్టిన ప్లాస్టిక్ బోర్డులు, కంప్యూటర్ కోసిచ్చే స్టిక్కర్లు వచ్చాయి. వాటి మీద కోపం లేదని చెప్పమని ఇంట్లో చెప్పి పంపారు. కొంచెం ఉంది. అయినా ఈ మధ్య గీత వంకర పోతోంది, మానుకోవడమే మర్యాద.

ఇక అసలు సంగతి. అశోక్‌నగర్ వెనక, మురుగు నాలా పక్కన మా పాలమూరు కూలీల బస్తీలో ఒక గల్లీ ఉంది. ఇరవై ఆరేళ్ల కింద దానికి పేరు లేదు. అందరి ఉత్తరాలూ నేనే రాసిపెట్టేవాణ్ణి. అదిగో, గోడ పక్కన ఆకుపచ్చ చీరలో ఉన్న బుగ్గమ్మ అక్క, అప్పుడు ఇటుకలు మోసే పనికి పోయేది. ఊళ్లో తల్లికి ఉత్తరం రాయించుకుంది. జవాబు రావడానికి చిరునామా కావాలి కదా, 'గణేశ్ సైకిల్ టాక్సీ ఎదురు గల్లీ, అశోక్‌నగర్' అని రాశాను. సైకిళ్లు కిరాయికి ఇచ్చే దుకాణం అది. నెల తిరగకముందే దుకాణం చేతులు మారింది. కొత్తాయన నన్నే పిలిచి, పాత పేరు తుడిపించి, ఇస్త్రీ దుకాణమని రాయించాడు. రంగు బాగా కుదిరిందని సంతోషపడ్డానే గానీ, అక్క చిరునామా కూడా తుడిచేశానని నాకు తట్టలేదు.

తల్లికి జబ్బు, వెంటనే రమ్మని ఊరి నుంచి ఉత్తరం బయల్దేరింది. వచ్చిన పోస్టుమన్ కొత్తవాడు, సైకిల్ టాక్సీ ఎక్కడా కనపడక వెనక్కి పంపాడు. మనిషి వచ్చి కబురు చెప్పేసరికి తల్లి పోయి పదకొండో రోజు. తిరిగొచ్చిన ఆ ఉత్తరాన్ని అక్క ఊరి నుంచి తెచ్చి నాతోనే చదివించుకుంది. కవరు మీద 'ఇక్కడ సైకిల్ టాక్సీ లేదు' అని రాసి ఉంది. లోపలిదంతా చదివాను. ఆ ఒక్క ముక్క అక్కకు చదివి చెప్పలేదు.

ఆ వారమే మున్సిపాలిటీ వేసినట్టే నీలం రేకు మీద తెల్ల అక్షరాలతో 'బుగ్గమ్మ గల్లీ' అని రాసి, పట్టపగలు ఖాకీ చొక్కా వేసుకుని గోడకు కొట్టాను. దారిన పోయే కానిస్టేబుల్ నిచ్చెన పట్టుకున్నాడు. (నవ్వులు) కింద నంబరు లేకపోతే నమ్మరని నా సైకిల్ లైసెన్సు బిళ్ల మీది నంబరు వేశాను. ఆ పేరు మీద ఉత్తరాలు వచ్చాయి, రేషన్ కార్డులు వచ్చాయి, ఓట్లు వచ్చాయి. మూర్తి గారూ, నలభై ఇళ్ల కాగితాల మీద ఇవాళ ఉన్నది నా సైకిల్ నంబరే. (పెద్ద నవ్వులు)

వచ్చే నెల మీరు అన్ని గల్లీలకూ కొత్త బోర్డులు వేస్తున్నారు. జాబితాలో మా గల్లీ లేదు. ఆ పేరు ఎవరు మంజూరు చేశారో ఫైల్లో లేదన్నారు. ఎట్లా ఉంటుంది సార్, మంజూరు చేసింది నేను. శిక్ష ఏదైనా నాకు వేయండి, పేరు తీయకండి. తీస్తే ఆ నలభై ఇళ్లవాళ్లూ మళ్లీ ఏదో ఒక దుకాణం ఎదురు అని రాసుకోవాలి.

(ముఖ్య అతిథి: "రేపు ఆఫీసుకు అర్జీ పట్టుకుని రండి, చూద్దాం.")

రేపెందుకు సార్? అర్జీ నా జేబులోనే ఉంది, ఇదిగో. పెన్ను ప్రహ్లాద్ గారు ఇస్తారు. (నవ్వులు) మీరు చదువుకోండి, ఈలోపల అక్కతో మాట్లాడతాను. అక్కా, నీ పేరే ఎందుకు పెట్టానని ఎన్నిసార్లు అడిగావో. ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. తల్లి కడచూపు నీకు దక్కకుండా చేసిన చెయ్యి ఇదే. చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

(బుగ్గమ్మ లేచి: "ముందుగాల సారుతోని సంతకం పెట్టించు పీరయ్యా. నిన్ను తిట్టుడు తర్వాత.")

పెడుతున్నారు అక్కా... పెట్టారు! (చాలాసేపు చప్పట్లు) మూర్తి గారికి, ప్రహ్లాద్ గారికి, నా వంకర గీతలను కూడా ముప్పై నాలుగేళ్లు నెత్తి మీద పెట్టుకున్న దుకాణదారులందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. ఇంకా రెండు మాటలు చెప్పాలని ఉంది గానీ, అక్క అప్పుడే చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. ఇరవై ఆరేళ్ల తిట్లు తినాలి, జర దారి ఇవ్వండి. సెలవు.